అడ్డం తిరిగిన దూడ

బోస్టన్, నవంబరు 9

అమ్మమ్మా, బెంగ పెట్టుకోకు, వైద్య కళాశాల వాళ్లు నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు!

దరఖాస్తులో ‘మీరు ఓడిపోయిన సందర్భం రాయండి’ అన్నారు. కెమిస్ట్రీలో నాకు రెండో స్థానం వచ్చిందని రాశాను. నా గదిలో ఉండే లొరెట్టా చదివి, “ఓటమి రాయవే అంటే సొంత డబ్బా కొట్టుకున్నావేంటి!” అంది. అది చించేసి, మన కొట్టంలో ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడను నేను తొందరపడి లాగి చంపుకున్న సంగతి రాశాను. “లాగకే పిల్లా, ముందు చెయ్యి పెట్టి చూడు!” అని నువ్వు అరిచిన మాట కూడా రాశాను.

పిలుపు ఉత్తరం అడుగున ఆ కళాశాల ప్రొఫెసరమ్మ తన చేత్తో రాసింది: “మీ అమ్మమ్మ మాట మా విద్యార్థులకు చెప్పాను.”

నా నల్లబూట్లు పేడ కడిగి పంపు. తాతయ్య మోకాలు ఎలా ఉంది? మన ఆవు మేబెల్ ఈనిందా? లేకపోతే నేను వచ్చేదాకా ఆగమను. ఈసారి ముందు చెయ్యి పెట్టి చూస్తాను.

నీ చేతులకు ముద్దులతో,
మార్లిస్