సాగర్ దాకా ఆయనతో

అక్టోబర్ 6

బడి వదిలాక వరుసగా నాలుగు వాక్యాలు రాసింది లేదు. సరుకుల చీటీలు, అంతే. ఇవాళ రాస్తున్నాను.

శ్మశానం ఆఫీసులో ఆ అమ్మాయి అడిగింది — మీ వారిని ఎక్కడ ఉంచుతారు అని. జర్మనే, అయినా అర్థమైంది. జవాబూ తెలుసు. ఒక్క ముక్క తప్ప నోరు పెగల్లేదు. ట్రామ్ దిగి, మెట్లెక్కి, తలుపు వేసుకున్నాక వచ్చింది జవాబు. పూర్తిగా, తడబాటు లేకుండా. వినడానికి ఎవరున్నారు... అందుకే పెన్ను.

జవాబు ఇది. గంగాసాగర్‌లో. గంగ సముద్రంలో కలిసే చోట.

ఆగస్టులో పోయారు. దహనం ఇక్కడే, మాగ్డెబర్గ్‌లోనే. బూడిద మాత్రం ఇంటికివ్వరు. ఇక్కడి నియమం. ఏదో ఒక శ్మశానంలో పెట్టి తీరాలి. మా దేశం తీసుకెళ్తామంటే, ఎక్కడ కలుపుతామో చోటు పేరు చూపిస్తూ ఎంబసీ కాగితం కావాలి. అంతవరకు ఒక గదిలో, గోడకు అరలు, ఒక అరలో ఆయన.

"శ్మశానం పేరు?" అంది ఆ అమ్మాయి. నది, అన్నాను. నదిలో శ్మశానం ఏ వైపు అని అడిగింది. ఎగతాళి కాదు. రాసుకోవడానికే.

అక్టోబర్ 8

ఆయన చెప్పే వరుస ఇంకా చెవిలో ఉంది. ఆదివారం, కాఫీ రెండోసారి తాగుతూ. ముందు ఖరగ్‌పూర్ — వాళ్ళ నాన్న రైల్వే క్వార్టరు, ఆయన చదివిన తెలుగు బడి. తర్వాత విష్ణుపూర్. తర్వాత నవద్వీప్, పడవలో అవతలికి. కోల్‌కతాలో కాళీఘాట్, దక్షిణేశ్వర్. ఆఖరున సాగర్. "అయిదు రోజులు చాలవే నీకు? నేను పుట్టి పెరిగింది చూపిస్తాను." అయిదు రోజులు ఎప్పుడూ మిగల్లేదు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ రాజమండ్రి, తిరుపతి, ఎవరిదో పెళ్ళి. బెంగాల్ వచ్చేసారి.

ఒకసారి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ అన్నారు. నేను పోతే అమ్మ ఉన్న నీళ్ళలోనే కలపండి. అత్తగారు ఖరగ్‌పూర్‌లోనే పోయారు. ఆవిడను సాగర్‌లో కలిపారు. ఆయనకు అప్పుడు నిక్కర్ల వయసు.

అశుభం మాట్లాడకండి అన్నాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నవ్వారు.

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

అక్టోబర్ 12

రాజమండ్రి నుంచి బావగారి ఫోను. ఆయనకు అన్నగారు, వరసకు తండ్రి అంతటివారు. పదకొండో రోజు కర్మ అక్కడ గోదావరి ఒడ్డున దర్భలతో ఆయనే చేశారు. ఇక్కడ మేం చేసింది ఏముంది... మా అమ్మాయి సింధు పూలు పెట్టింది, పెట్టె లోపలికి వెళ్ళిపోయింది.

అస్థికలు మీరే ఏరారా అని అడిగారు. ఏరనివ్వరండీ, మిషన్‌లో పొడి చేసి ఇస్తారు, అన్నాను. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"చూడమ్మా, డిసెంబర్లో వస్తున్నావు కదా. వాణ్ణి తిన్నగా రాజమండ్రి తెచ్చెయ్యి. గోదారి గుమ్మంలో పెట్టుకుని బెంగాలెందుకు?"

ఇంకోటి కూడా చెప్పారు. ఏటిసూతకంలో గుడి గడప తొక్కకూడదు, ఆ యాత్రలవీ సంవత్సరీకం అయ్యాక చూద్దాం. తెలియనిదేం కాదు నాకు.

సరేనండీ, అన్నాను.

అక్టోబర్ 13

సరేనండీ. ఎందుకన్నాను.

అక్టోబర్ 14

అన్నం సయించడం లేదు. నేను వంట చేసే కిటాలో, పసిపిల్లల బడిలో, బంగాళాదుంపలు చెక్కుతూ పిల్లల పాటలు వింటున్నాను. వంటగది తలుపు సందులోంచి ఒక పాప చెయ్యి ఊపింది. ఊపాను.

దేవుడి పటం ముందు నిలబడితే అడగాల్సింది గుర్తు రావడం లేదు. కళ్ళు మూసుకుని ఉండిపోతున్నాను. దేవుడికి తెలుసులే.

అక్టోబర్ 19

కింది అంతస్తు శిప్రాదీదీ వచ్చింది. ఇంత పొడవు బెండకాయలు, ఇంత కబురు. కోల్‌కతా మనిషి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మా ఇద్దరి మధ్య సగం హిందీ, సగం సైగలు. ఆయన ఉన్నప్పుడు ఇద్దరూ బెంగాలీలో దంచేవారు, నేను టీ పెట్టేదాన్ని.

హాలు అద్దెకు తీసుకుని చేసిన దుర్గాపూజ అయిపోయిందట. అమ్మవారిని నీళ్ళలో కలపనివ్వరు కదా ఇక్కడ, మళ్ళీ గుడ్డ చుట్టి ఎవరింటి సెల్లారులోనో పెట్టారట. పై ఏటికి మళ్ళీ. మైలలో ఉన్నానని నేను వెళ్ళలేదు. ఆవిడ బలవంతపెట్టలేదు. వాళ్ళకూ ఏడాది పట్టింపు ఉందట.

ప్రయాణం ఎలా అని కూర్చున్నాం. పోపుల డబ్బా తెమ్మంది. గిన్నెలు తీసి బల్ల మీద పరిచింది. ఆవాలు కోల్‌కతా. జీలకర్ర నవద్వీప్. పసుపు కాళీఘాట్, మిరపకాయలు దక్షిణేశ్వర్. విష్ణుపూర్‌కు మెంతులు పెడితే, చేదు ఎందుకు దీదీ అన్నాను. చేదు కాదు, ఒంటికి మంచిది, అంది. ఉప్పు సాగర్. ఉప్పుకు వేరే చోటు ఎక్కడ...

ఆయన చెప్పినట్టే పెట్టింది. గుళ్ళన్నీ ముందు, ఉప్పు చివర. అప్పుడు తట్టింది నాకు. ఆయన్ని చేతిలో పట్టుకుని ఏ గుళ్ళోకి వెళ్తాం? రాత్రిళ్ళు ఎక్కడ పెడతాం? మావైపు అస్థికలు ఇంట్లోకి తేరు, బయట చెట్టుకు కడతారు. ఆ మాటే చెప్పాను.

"అయితే హోటల్‌కి ఫోన్ చేసి చెట్టున్న గది అడుగుతాను" అంది దీదీ.

ఇద్దరం నవ్వాం. ఆగస్టు తర్వాత మొదటిసారి అనుకుంటాను.

నవ్వు ఆగాక దీదీ ఉప్పును ముందుకు జరిపింది. దిగగానే సాగర్, తర్వాత గుళ్ళు. గుళ్ళే వద్దన్నారు దీదీ, అన్నాను. పసుపు తీసేశాను. మిరపకాయలు తీసేశాను. జీలకర్ర. మెంతుల మీద చెయ్యి వేయబోతే పట్టుకుంది.

"ఇది ఉంచు. అక్కడ దేవుళ్ళు లేరు."

విష్ణుపూర్‌లో రాళ్ళు దొరకవట. రాజులు కాల్చిన మట్టితో గుళ్ళు కట్టించారట. గోడల నిండా రామాయణం, పడవలు, వేటగాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు, అన్నీ మట్టి పలకలే. చాలా గుళ్ళలో విగ్రహాలు ఎప్పుడో తీసేశారు. గంట లేదు, పూజారి లేడు, హారతి లేదు. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళడమే. దేవుడు లేని గుడికి మైలేమిటి, అంది.

మెంతుల గిన్నె ఉన్నచోటే ఉంచాను.

అక్టోబర్ 21

ఖాళీ గుడి. దండం పెట్టాలా వద్దా? ఎవరికి?

అయినా వెళ్ళాలని ఉంది. ఏ గడపా నన్ను రమ్మనని ఏడాదిలో, ఆ ఒక్క గడప... ఆయనకు ఈ సూతకం సంగతి తట్టి ఉండదు. అయినా ఆయన వరుసలో ఆ ఊరు ఉంది.

అక్టోబర్ 26

సింధు పాడర్‌బోర్న్ నుంచి వచ్చింది, రెండు రోజులు. చదువు చివరి ఏడు. నాన్న స్వెటరు వేసుకుని తిరుగుతోంది. చేతులు మడుచుకుంటోంది, పొడవు ఎక్కువై.

ఫోనులో విష్ణుపూర్ గోడలు చూపించింది. వేలితో పెద్దవి చేసి, ఇదిగో ఏనుగు, ఇదిగో పడవ. వస్తానంది. రాజమండ్రి మాట చెప్పాను. "హాల్బె-హాల్బె చేద్దాం అమ్మా" అంది. సగం గోదావరిలో, సగం గంగలో.

రెండు మూడు నదుల్లో కలపడం తప్పేం కాదు. చాలామంది చేస్తారు. కానీ అమ్మ దగ్గరికి అన్నారు ఆయన. సగం మనిషి వెళ్ళి అమ్మ ముందు ఎలా నిలబడతాడే, అన్నాను. సింధు స్వెటరు చేతుల్లోకి ముఖం దాచుకుంది.

తర్వాత అడిగింది, పెదనాన్నకు నాన్న చెప్పిన మాట తెలుసా అని. తెలియదు. నేను చెప్పనా అంది. వద్దన్నాను. దాని తెలుగు తలుపు తట్టకుండా లోపలికొచ్చే రకం.

"మరి నువ్వెప్పుడు చెప్తావమ్మా? అక్కడ కలిపేశాకా?"

నవంబర్ 2

ఫోను చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను.

నవంబర్ 5

క్రిస్మస్‌కు కిటా మూస్తారు, సెలవు అడగనక్కర్లేదు. అప్పుడే వెళ్ళాలి. సాగర్‌లో సంక్రమణం నాటి జనం మొదలవకముందే. టికెట్లు చూస్తోంది సింధు. దిగడం హైదరాబాదా, కోల్‌కతానా? రెండుసార్లు మెసేజి పెట్టింది. జవాబివ్వలేదు.

దీదీ మఫ్లరు అల్లుతోంది. పడవ మీద గాలి కోస్తుందట.

నవంబర్ 9

చెప్పాను.

మధ్యాహ్నం భోజనాల వేళకు ముందు చేశాను, అక్కడ బావగారు కునుకు తీసి లేచే సమయం. ఆరోగ్యం, మందులు, మోకాళ్ళు. అవన్నీ అయ్యాయి. ఇక పెట్టేస్తారనగా, బావగారూ ఒక్క మాట, అన్నాను.

"ఆయన సాగర్‌లో కలపమన్నారండీ. అత్తగారి దగ్గర. నాతో చెప్పారు."

అవతల ఫ్యాను చప్పుడు. ఎప్పుడన్నాడు, అన్నారు. ఇస్త్రీ చేసుకుంటుంటే అని చెప్పాను. ఇంతకంటే సాక్ష్యం లేదు నా దగ్గర. నమ్మరేమో అనుకున్నాను. నమ్మకపోవడం కాదు, అది.

"అమ్మని అక్కడ దింపింది నేనేనమ్మా. వాడు నా భుజాల మీద ఉన్నాడు. అమ్మేదిరా అన్నయ్యా, కనబట్టం లేదేవిట్రా అని నా జుట్టు పట్టుకుని లాగుతున్నాడు. ఒకళ్ళని అంత దూరంలో నీళ్ళకిచ్చి వచ్చేశాను. తర్వాత నాన్న రిటైరై ఇటొచ్చేశాం, మళ్ళీ ఆ ఒడ్డు చూడలేదు. వీణ్ణయినా దగ్గర ఉండనీవే. పొద్దున్న స్నానానికి దిగితే పలకరించుకుంటాను."

ఏడ్చారు. బావగారు. నేను ఆ ఇంట అడుగుపెట్టినప్పటి నుంచి ఆయన ఎదురుగా గట్టిగా గ్లాసు కూడా పెట్టలేదు ఎవరం. ముక్కు చీదుకోవడం వినిపించింది. సరేనండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

ఆయన అడిగారండీ, అన్నాను మళ్ళీ. అంతే.

పెట్టేశారు.

నవంబర్ 10

తోటికోడలు అక్కయ్య ఫోను. మీ బావగారు రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయారు, ఏమన్నావే, అంది. చెప్పాను.

"ఇన్నేళ్ళలో నోరు తెరిచిందే లేదు. తెరిస్తే ఇదా?"

కోపం కాదు. నాకర్థమైంది. కాసేపాగి, చలికి కాళ్ళకు నూనె రాసుకుంటున్నావా అని అడిగింది.

నవంబర్ 12

ఇద్దరిలో ఎవరి దుఃఖం పెద్దదని తూచను నేను. ఆయనకు తమ్ముడు. నాకు ఆయన. తూకం దేవుడి చేతిలోది.

నవంబర్ 15

ఎంబసీ కాగితానికి చోటు పేరు రాయాలి. నెలాఖరు లోపల. మిగిలిన గళ్ళన్నీ సింధు నింపింది. ఆ గడి వదిలేసింది. అమ్మా, ఇది నీది, అంది.

నవంబర్ 19

కిటాలో, చేతులు పిండిలో ఉండగా ఫోను మోగింది. బావగారు. భుజంతో చెవికి ఆనించుకున్నాను. పలకరింపు లేదు.

"సాగర్‌కి లాంచీ ఇంకా పోటు చూసుకునే కదుల్తుందా?"

తెలియదండీ, కనుక్కుని చెప్తాను అన్నాను. మధ్యాహ్నం దీదీని అడిగాను. అవునట. నీళ్ళు తగ్గితే ఆపేస్తారట, పోటు వచ్చేదాకా ఒడ్డునే కూర్చోవాలట. తిరిగి ఫోను చేసి చెప్పాను.

మా చిన్నప్పుడూ అంతే, అన్నారు. ఎక్కే బల్ల ఊగుతుంది, మోకాళ్ళతో కష్టం, అన్నారు. సింధు ఉంటుందండీ, చెయ్యి పట్టుకుంటుంది, అన్నాను. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఖరగ్‌పూర్‌లో క్వార్టర్లు ఇంకా ఉన్నాయో పడగొట్టేశారో అన్నారు. ఎవరితో అంటున్నారో తెలియలేదు.

రేపు చెప్తాను, అన్నారు.

నవంబర్ 20

ఫోను రాలేదు.

నవంబర్ 21

రాలేదు. నేనూ చేయలేదు. అడిగితే తొందర పెట్టినట్టవుతుంది.

సింధు టికెట్ల గురించి అడిగింది. కోల్‌కతా, అన్నాను. పెదనాన్న వస్తున్నారా అంది. ఆయన రాజమండ్రి నుంచి అక్కడికి రావడానికి రైలు ఏదుందో చూసి పెట్టమన్నాను, కొనవద్దు, చూసి ఉంచు. విష్ణుపూర్‌లో గది ఒకటా రెండా అని దీదీ అడుగుతోంది. ఆవిడ కూడా వస్తుంది. రెండు చెప్పనా అంది. ఆగు దీదీ, అన్నాను.

నవంబర్ 23

చనిపోయినవాళ్ళను తలుచుకునే ఆదివారం ఇక్కడ. శ్మశానం నిండా జనం. సమాధుల మీద దేవదారు కొమ్మలు పరుస్తున్నారు. చలికి కప్పినట్టు. నేను ఆ గది బయట నిలబడ్డాను. సెలవు రోజు, తాళం వేసి ఉంది. గోడకు చెయ్యి ఆనించి కాసేపు ఉన్నాను.

ఇంటికొచ్చి గడి నింపాను. గంగాసాగర్. తెలుగులో రాసి, కింద వాళ్ళ అక్షరాల్లో రాశాను. రేపు పొద్దున పోస్టు.

బావగారికి ఇది చెప్పాలి. వస్తారో, రారో. రాకపోతే ఇక ఆ ఇంట నాతో మాట్లాడతారో లేదో. ఫోను బల్ల మీద ఉంది.

స్వామీ, ఈ పేజీలు ఉండనీ. సింధుకు దొరికినా చింపవద్దు, ఎవరికీ చదివి వినిపించవద్దు, రాజమండ్రి అసలు చేరవద్దు. బావగారు ఏడ్చింది ఇందులో రాశాను. ఆయన నా ముందు ఏడ్చారని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. అక్కడితో ఉండాలి.