ప్రార్థన నీళ్ళ సీసా

డాక్టరమ్మ గారికి నమస్కారం. ఏడో నంబరు మంచం మీది బాబుకు అమ్మమ్మను.

నిన్న మీరు, "బాక్టీరియా అంటే ఒకే కణమున్న ప్రాణులమ్మా. మట్టిలో, నీళ్ళలో, మన కడుపులో కూడా ఉంటాయి. చాలావరకు హాని చెయ్యవు. బాబు రక్తంలోకి ఏది ఎలా చేరిందో తెలియడం లేదు" అన్నారు. కంటికి కనబడకుండా అంతటా ఉండేది దేవుడొక్కడే అనుకున్నదాన్ని, నా సంచి వంక చూసుకున్నాను.

ఆర్నెల్ల కిందట ప్రార్థన చేయించి తెచ్చుకున్న నీళ్ళ సీసా అందులో ఉంది. మీరు చూడనప్పుడు రోజూ వేలు ముంచి వాడి పెదవులకు రాశాను. ఇవాళ చూస్తే సీసా లోపలంతా జిగురు. ఉత్తరంతో పంపుతున్నాను, వెంటనే పరీక్ష చేయించండి.

మా అమ్మాయి, "ఇంకో చుక్క రాయమ్మా, నీ నీళ్ళే వాణ్ణి కాపాడతాయి" అంటోంది. సీసా పోయిందని అబద్ధమాడాను. నిజం అమ్మాయికి నేనే చెప్పుకుంటాను. అప్పుడు మీరు దాని పక్కన ఉండండి.