మూతకు అద్దమున్న డబ్బా

అక్కా,

షాపుకి వెళ్తున్నాను. నీ బీపీ మాత్రలు మూతకు భూతద్దం బిగించిన డబ్బాలో పెట్టాను. తిన్నాకే వేసుకో.

ఆ డబ్బాలు మన షాపులో అమ్మడానికి పెట్టెడు తెచ్చానా, ఒక్కటీ కదల్లేదు. నలుగురిలో కొంటే చూపు తగ్గిందని ఒప్పుకున్నట్టేనని జనం బాధ. "మా అమ్మకైతే బాగుంటుంది" అని మెచ్చుకుని, అక్కడే పెట్టేసి పోతారు. నువ్వూ ఆ బాపతే. "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి" అంటావు. మొన్న బీపీ మాత్రనుకుని నా నిద్రమాత్ర మింగావు. నువ్వు హాయిగా గురకపెట్టావు, నేను కాపలా కాశాను. ఆ అలసట ఇంకా తీరలేదు.

పైదంతా పెద్ద అక్షరాలతో రాశాను, ఇది మాత్రం కావాలనే చీమ తలకాయంత రాశాను. చదివావంటే ఆ మూత పట్టుకునే చదివావన్నమాట. ఎవరితోనూ అననులే. పెట్టెడు సరుకు మీద నాకొచ్చిన లాభం అదొక్కటే.