తెరుచుకోని ఫోటో

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం

చిట్టితల్లి రూతమ్మకు నాన్న ముద్దులు. దేవుడి దయవల్ల నేనూ, హాస్టల్లో నీ తమ్ముడు మార్కూ, మీ అమ్మమ్మా కులాసా. కనిగిరి ఎండల్లో నువ్వూ వేళకి తింటూ బాగానే ఉన్నావని నమ్ముతున్నాను.

పొద్దున ఫోన్ చేసి "ఆ ఫోటో డిలీట్ చెయ్యకు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశానని కోప్పడకు. మిగతాది ఫోన్‌లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ మిర్చి సీజను జోరుగా ఉంది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే మన ఫోటో స్టూడియోలో పెళ్ళికొడుకు కూడా తుమ్ముతూనే ఫోటో దిగుతున్నాడు. అమ్మమ్మ ఎలీసమ్మ ఈ వయసులోనూ తొడిమలు తియ్యడానికి పోతానంటుంది. వద్దంటే నా మీద గయ్యిమంటుంది.

ఇక నీ ఉత్తరంలోని మొదటి ప్రశ్న. స్టూడియో పాత డిస్క్ నుంచి నువ్వు తీసుకెళ్ళిన ఫోటోల్లో ఒకటి ఫోన్‌లోనూ, స్కూల్ కంప్యూటర్‌లోనూ తెరుచుకోలేదన్నావు. మీ కంప్యూటర్ సారు శ్రీకృష్ణ గారు పేరు చివర జేపీజీ అని మార్చి చూసి, పాడైంది తీసెయ్యమన్నారని రాశావు. అయ్యో దేవుడా! మాగాయ జాడీకి ఆవకాయ చీటీ అంటిస్తే ఆవకాయ అవుతుందా? పేరు మారిస్తే ఫైలు మారదమ్మా. పేరు చివర ముందున్నట్టే ఎన్ఈఎఫ్ అని పెట్టెయ్.

అది రా ఫైలు, అంటే పచ్చిది. కెమెరా చూసింది చూసినట్టు దాచుకున్నది. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయ అనుకో. జేపీజీ మర పట్టించిన కారం. చిన్న పొట్లంలో పడుతుంది, ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. కానీ కొంత పారేసి చిన్నదవుతుంది, మార్చి సేవ్ చేసినప్పుడల్లా ఇంకొంత పారేస్తుంది. ఆ కారాన్ని మళ్ళీ కాయ చెయ్యలేం. రా ఫైలు చూడాలంటే దానికి తగ్గ ప్రోగ్రాం, వ్యూయర్ అంటారు, కావాలి. ఈ ఉత్తరంతో పాటు పంపే పెన్‌డ్రైవ్‌లో అది వేశాను.

రెండో ప్రశ్నకి జవాబు రాయడానికి మూడు కాగితాలు చించేశాను. అమ్మ ఎడమ చెంప మీద మచ్చ ఉండేదని నువ్వూ, ఏ ఫోటోలోనూ లేదని మార్కూ పోట్లాడుకున్నారట. "అమ్మ మొహం కూడా నేనే కల్పించుకున్నానా నాన్నా?" అని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మచ్చ ఉండేది తల్లీ. చింతగింజంత.

నేను మొదటి డిజిటల్ కెమెరా కొన్న రోజున మీ అమ్మ సంబరంగా గారెలు వండుతుంటే నూనె చిందింది. ఆ తర్వాత తీసిన ప్రతి ఫోటోలోనూ ఆ మచ్చ నేనే చెరిపేశాను. పెళ్ళికూతుళ్ళకి మొటిమలు తీసే చెయ్యి కదా, ఊరుకోలేదు. అద్దాల బీరువాలో పెట్టిన ఫోటో చూసి అందరూ "లిడియా ఎంత బాగుందో!" అంటుంటే పొంగిపోయేవాణ్ణి. డిస్క్ నిండిపోతోందని రా ఫైళ్ళన్నీ తీసేశాను.

ఒకరోజు నేను చెరుపుతుండగా మీ అమ్మ వెనక నుంచి చూసింది.

"ఏమయ్యోయ్, ఎవరది? నా మొహం నీకంత ఎబ్బెట్టుగా ఉందా?"

"అబ్బే, బాగుంటుందని..."

"ఏం బాగు? అది చెరిపేస్తే పిల్ల వేలెక్కడ పెట్టుకుని నిద్రపోద్ది?"

నువ్వు ఆ మచ్చ మీద వేలు పెట్టుకుంటే గానీ పడుకునేదానివి కాదు. నేను సిగ్గుపడి ఆ ఒక్క ఫోటో చెరపకుండా రా ఫైలుగానే ఉంచేశాను. నీకు తెరుచుకోనిది అదే. ఆ ఏడే జ్వరం వచ్చి మీ అమ్మ వెళ్ళిపోయింది.

నీకు పదేళ్ళప్పుడు ఇదే మాట అడిగావు, గుర్తుందా? "లేదమ్మా, నువ్వు పొరబడ్డావు" అన్నాను. అమ్మమ్మని కూడా చెప్పొద్దని బతిమాలాను. నా పని బయటపడుతుందని, నీ దగ్గర మిగిలిన అమ్మని కూడా నేనే చెరిపేశాను. ఇన్నేళ్ళుగా ఆ ఫైలు తెరిచే ధైర్యం నాకు లేకపోయింది. నన్ను క్షమించు తల్లీ.

వ్యూయర్‌లో తెరువు. వెలుతురు తక్కువగా, రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. ఏమీ సరిచెయ్యకు. మార్కుకి కూడా ఒక కాపీ పంపు, అబద్ధమాడింది నాన్నేనని చెప్పు. తర్వాత ఎడమ చెంప దగ్గర పెద్దది చేసి చూడు. నీ వేలు అక్కడే పెట్టుకో.

ఇట్లు,
నీ తప్పు ఏమీ లేదని ఇన్నాళ్ళకి ఒప్పుకున్న
నాన్న
జయరావు