ఖాళీ గొట్టంలో మూపురం

అమ్మా శుభ్రమ్మా,

ఆ పేరు పెట్టి నిన్ను ఏడిపించిన మనిషినే. పంతొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన ఈ ఉత్తరాన్ని చింపేయాలనిపిస్తే, చివరిదాకా చదివి చింపు.

ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాను. మన స్పెక్ట్రోమీటరును స్టోర్సుకు అప్పగించే ముందు అది నడుస్తోందని చూపించాలన్నారు. నమూనా వాయువు అయిపోయింది. సరే కదా అని ఖాళీ గొట్టాన్నే బిగించి, చెయ్యి అలవాటు కొద్దీ ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరిచాను. కాగితం మీద గీత సాఫీగా వెళ్ళి వెళ్ళి ఒకచోట లేచింది. మనం మూపురం అని ముద్దుగా పిలుచుకున్నామే, అదే. చల్లటి వాయువులో రెండు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని, కాంతిలో ఆ పట్టు ఇలా కనిపిస్తుందని నేను లోకానికి చాటిన మూపురం. నా పేరూ పదవీ అన్నీ దాని మీదే నిలబడ్డాయి. కానీ గొట్టంలో వాయువే లేదమ్మా. గాజు కుళాయికి పూసే గ్రీజు కాస్త ఆవిరై, చలికి గొట్టం కిటికీ మీద పేరుకుంటోంది. ఇన్నేళ్ళూ ఖాళీ గొట్టాన్ని చల్లబరచకుండానే చూసి, శుభ్రంగా ఉందని రాసుకున్నాను.

నీకు మాత్రం మూపురం సరిగ్గా వచ్చేది కాదు. గొట్టాలు తోమి తోమి, గ్రీజు కంటికి ఆననంత పల్చగా రాసేదానివి. అందరి ముందూ నిన్ను అంట్లు తోముకోవడానికి పనికొస్తావన్నాను. ఖాళీదాన్ని కూడా చల్లబరిచి చూద్దామా అని నువ్వడిగితే, నాకు పాఠాలు చెప్పొద్దన్నాను. నాలుగేళ్ళు చాకిరీ చేసి, పట్టా లేకుండా వెళ్ళిపోయావు.

నేను నోరు విప్పకపోతే ఇది ఎవరికీ తెలియదు. కానీ నీ తర్వాత వచ్చిన పొడుగాయన ఆ మూపురం మీదే ఆరేళ్ళు పోసి డాక్టరయ్యాడు. ఇప్పుడు తన విద్యార్థుల చేత కూడా అదే చేయిస్తున్నాడు. చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. నిన్ను క్షమించమనడానికి మొహం లేదు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

నీ మాస్టారు


మాస్టారికి నమస్కారాలు.

చింపలేదు. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ సీసాలు కడుగుతూనే ఉన్నాను, మీరు పెట్టిన పేరు నిలబెట్టాను.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. మీరు వద్దన్నాక కూడా ఒక ఆదివారం, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, మీ పద్ధతిలోనే గ్రీజు దట్టంగా పూసి ఖాళీ గొట్టాన్ని చల్లబరిచాను. మూపురం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని తిన్నగా మీ ఇంటికి వచ్చాను. మీరు స్నానం చేస్తున్నారు. ముందుగదిలో మీ మూపురం ఫ్రేము కట్టి ఉంది. అమ్మగారు నన్ను దాని కిందే కూర్చోబెట్టి టీ ఇచ్చారు. "అబ్బాయి పోయాక ఆయన మనిషిలో మనిషిలా లేరమ్మా. ఇది దొరికాకే మళ్ళీ ఇంత అన్నం తింటున్నారు" అన్నారు.

మీరు వచ్చేలోగా లేచి వచ్చేశాను. ఆ వారమే మానేశాను. జాలిపడి మానేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కసి కూడా ఉంది. ఈయన ఇందులోనే మునగనీ అనుకున్నాను. నా వెనక వచ్చేవాళ్ళు కూడా మునుగుతారని ఆలోచించలేదు. మీరు తెలియక చేశారు మాస్టారూ. నేను తెలిసి చేశాను. ఇక మిమ్మల్ని క్షమించడానికి నేనెవర్ని?

పొడుగాయనకు మీరే చెప్పండి. వెనక తేదీ రాసుకున్న ఆనాటి కాగితం దీంతో పంపుతున్నాను.

మీ శుభ్రమ్మ


శుభ్రమ్మా,

మూపురం వ్యాసం వేసిన సైన్సు పత్రికకు రాశాను. తప్పు మొదట పట్టుకున్నది నువ్వేనని కూడా రాశాను. మూడు వాక్యాల జవాబు వచ్చింది. ఆ వ్యాసాన్ని ఇన్నేళ్ళలో నేనూ, నా విద్యార్థులూ, వాళ్ళ విద్యార్థులూ తప్ప ఎవరూ వాడుకోలేదట. కావాలంటే చిన్న సవరణ వేస్తారట. లోకానికి చాటాననుకున్నాను, లోకం అసలు విననే లేదు. ఆ మూపురాన్ని మోసింది మీరే.

పొడుగాయనకు ఫోన్ చేశాను. అంతా విని, "మా ల్యాబు పిల్లలకు ఏం చెప్పమంటారండీ?" అని మెల్లగా అడిగాడు. నీ కాగితం సంగతి చెప్పబోయాను. ఫోన్ తనే పెట్టేశాడు.

మా ఆవిడకూ చెప్పాను. ఆ పిల్ల టీ సగంలో వదిలేసి వెళ్ళిందని, ఎందుకో అడగాల్సిందని అంది.

ఫ్రేము దించి, నాది విప్పి, నీ కాగితాన్ని దాని పక్కన పరిచాను. అదే ఎత్తు, అదే వంపు. ఇంతలో ఆవిడ బల్ల తుడుస్తూ రెండూ కలిపేసింది. కళ్ళజోడు తుడుచుకుని ఎంత చూసినా, అబ్బాయి పోయాక నన్ను బతికించింది ఏదో, నిన్ను మాకు కాకుండా చేసింది ఏదో తెలియలేదు. వెనక్కి తిప్పి, నీ చేతిరాత చూసి గుర్తుపట్టాను.

మాస్టారు