నాలుగు టైర్లు, ఐదు బండ్లు

మే 27, మంగళవారం

వ్యాన్ ఫిట్‌నెస్‌కు స్లాట్ దొరికింది. జూన్ ఐదు, పొద్దున. మహబూబాబాద్‌లో.

బడి పన్నెండున తెరుస్తారు. ఆలోపు సర్టిఫికెట్ చూపించకపోతే మా వ్యాన్‌ను గేటు లోపలికి రానివ్వనని కాన్వెంటు సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. ఆమె నాకు చదువు చెప్పిన మనిషి. ఇప్పుడు నేను అదే కాన్వెంటులో యూకేజీ టీచర్ని. పొద్దున, సాయంత్రం మా వ్యాన్‌లోనే ఉండి పిల్లల్ని ఎక్కించి దింపేది కూడా నేనే. ఫోన్‌లో యెస్ సిస్టర్ అన్నాను. ఆమె ఏం చెప్పినా అదే అన్నాను.

మే 29

వ్యాన్ పాతది. డీజిల్. పొద్దున స్టార్ట్ చేస్తే తండాలో కోళ్లు చెదిరిపోతాయి. ముందు తెల్ల పొగ, తర్వాత నల్ల పొగ. బా నాజిల్స్ విప్పించి క్లీన్ చేయించాడు. తలుపుల మీద పసుపు రంగు కొత్తగా వేశాడు. (నాయినను మేం బా అంటాం, అమ్మను యాడి. ఇదంతా తెలుగులో రాస్తున్నా ఆ రెండు మాటలు మార్చబుద్ధి కాదు.)

ఎడ్లను గూడ ఇంత మంచిగ కడగకపోతివి, గీ ముసలిదానికి ఎందుకు ఇంత సోకు అని యాడి నవ్వింది. బ్రేకినిస్పెక్టర్ పెండ్లిచూపులకు వస్తుండు మరి అన్నాడు బా.

మే 31

ఇవాళ నవ్వు రాలేదు. వైపర్, హారన్, ఇండికేటర్లు, ఎమర్జెన్సీ డోర్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అన్నీ అయ్యాయి. టైర్లు మాత్రం అలాగే ఉన్నాయి. పిల్లలు వాటి మీద చాక్‌పీస్‌తో ఏబీసీడీలు రాస్తారు. అంత నున్నగా ఉన్నాయి.

బాను అడిగాను. టైర్లున్నయి, బిక్షం దగ్గర ఉన్నయి అన్నాడు.

బిక్షానిది తొర్రూరులో పంక్చర్ షాపు. తొర్రూరు, దంతాలపల్లి మధ్య బడి వ్యాన్లు నడిపే ఐదుగురు డ్రైవర్లు, బాతో సహా, కలిసి పోయినేడు నాలుగు కొత్త టైర్లు కొన్నారట. ఐదు బండ్లూ ఒకే మోడల్. డిస్కులతో సహా ఆ నాలుగు చక్రాలు బిక్షం షాపులో తాటిపత్రి కింద ఉంటాయి. ఎవరి ఫిట్‌నెస్ రోజు వాళ్ల బండికి ఎక్కుతాయి. పాస్ కాగానే ఆఫీసు వెనక గల్లీలో విప్పి ఇంకో బండికి ఎక్కిస్తారు. మళ్లీ ఏడాదంతా పాతవే.

పోయినేడు నేను బీఎడ్ పరీక్షల్లో ఉన్నాను. నాకు తెలియలేదు.

పెండ్లికి పోతే చుట్టాల గొలుసు అడిగి మెడల ఏసుకోమా, గిది గూడ గంతే అన్నాడు బా.

జూన్ 1

పోయిన సెప్టెంబర్‌లో వాన. దంతాలపల్లి దాటాక కల్వర్టు దగ్గర బర్రె అడ్డం వచ్చింది. బా బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి. వ్యాన్ ఆగలేదు. పక్కకు జారి, ఒక్క చుట్టు తిరిగి, రాయికి ఆనుకుని నిలబడింది. అవతల నీళ్లు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు మళ్లీ తిప్పమన్నాడు.

ఇన్నాళ్లూ వాన వల్ల అనుకున్నాను.

జూన్ 2

బాతో చెప్పాలి. చెప్పలేదు.

జూన్ 3

చెప్పాను. పాస్ అయ్యాక ఆ టైర్లు మన బండికే ఉండాలి అన్నాను.

సాయికిరణ్‌ది గూడ ఐదునే, మధ్యాహ్నం, వానికి ఎట్ల మరి అన్నాడు బా. నలుగురిల మాటిచ్చిన అన్నాడు. ఇన్నేండ్ల సంది నడుపుతున్న, నాకు తెల్వదా బిడ్డా, నువ్వు పుస్తకం సదువుకో అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ ఐదుగురిలో ఒకడు సాయికిరణన్న. మంచివాడు. ఎప్పుడు కనిపించినా ఏం చెల్లె, ఇంగ్లిషుల ఒక్క తిట్టు చెప్పు అంటాడు. అదీ రాయాలి.

జూన్ 5, పొద్దున 6

బిక్షం చక్రాలు ఎక్కించాడు. వ్యాన్ కొంచెం ఎత్తుగా, కొత్త చెప్పులు వేసుకున్నట్టు ఉంది. ఇంజిన్ వేడెక్కితే పొగ తగ్గుతుందని బా దారంతా సెకండ్ గేర్‌లోనే నడుపుతున్నాడు. అరుపుకి చెవులు చిల్లులు పడుతున్నాయి. అటెండర్ కూడా రావాలంటే నేనూ వచ్చాను. వెనక సాయికిరణన్న వ్యాన్‌లో బిక్షం జాకీ పట్టుకుని కూర్చున్నాడు.

జూన్ 5, సాయంత్రం

పాస్ అయ్యాం.

ఇన్‌స్పెక్టర్ పొగ చూశాడు, సీట్లు చూశాడు, బాను గ్రౌండ్‌లో నడపమని బ్రేకు కొట్టించాడు. వ్యాన్ గీత దగ్గరే ఆగింది. అంత చక్కగా అది ఆగడం నేనెప్పుడూ చూడలేదు. పాత బండ్లు గింత కండిషన్‌ల ఎవరూ పెట్టరని బాను మెచ్చుకున్నాడు. బా చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

గల్లీలోకి వచ్చాం. బా దిగాడు. నేను దిగలేదు.

ఎలా జరిగిందో చెప్పలేను. దిగాలనే బ్యాగ్ తీసుకున్నాను. మళ్లీ కింద పెట్టాను. తలుపు లోపల గడియ పెట్టి మూడో సీట్లో కూర్చున్నాను.

జర దిగు బిడ్డా, టైమైతుంది అన్నాడు బిక్షం. కాన్వెంటుల గిదేనా నేర్పింది, పెద్దోళ్లు పిలిస్తే బొమ్మలెక్క కూసోమని అన్నాడు. సాయికిరణన్న అద్దం దగ్గరికి వచ్చి, చెల్లె, నాది రెండు గంటలకు, నీకు దండం పెడ్త అన్నాడు. నిజంగానే చేతులు జోడించాడు. నేను ముందు సీటు వెనకభాగం చూస్తూ ఉండిపోయాను. అక్కడ ఎవరో బబుల్‌గమ్ అంటించారు. దాన్నే చూశాను.

ఉంటే ఉండనియ్, పిల్ల ఎంత బరువుంటది అని బిక్షం జాకీ పెట్టాడు. వెనక మూల లేచింది. ఇంకా లేచింది. నేను సీటు మీంచి జారి అద్దానికి కొట్టుకున్నాను. కమ్మీ పట్టుకున్నాను. బయట బా ముఖం అద్దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. పిల్లలు పట్టుకునే కమ్మీని నేను రెండు చేతులతో పట్టుకోవడం చూశాడు.

దించు అన్నాడు.

బిక్షం వినలేదేమో. దించమంటున్న గద అని బా వంగి జాకీ తనే తిప్పాడు.

నా గతేంది కాకా అన్నాడు సాయికిరణన్న. బా వచ్చి సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేశాడు. నల్లగా పొగ లేచి వాళ్లిద్దరి మీద పడింది. అద్దంలో చూశాను. వాళ్లు పక్కకు కూడా జరగలేదు.

తొర్రూరు దాటాం. బా మా లంబాడీ భాషలో, రోడ్డు చూస్తూనే అన్నాడు. ఆ రోజు పోరగాండ్లు చప్పట్లు కొట్టుడు నేను గూడ విన్న అని.

జూన్ 6

సాయికిరణన్న తన టైర్లతోనే గ్రౌండ్‌కు వెళ్లాడట. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూతతో టైర్ల మీద గీత వెతికాడట. గీత లేదు. వెనక్కి పంపాడు. మళ్లీ స్లాట్ పన్నెండు లోపల లేదు.

జూన్ 8, ఆదివారం

నలుగురు డ్రైవర్లూ తండాకు వచ్చారు. కుర్చీలు వేసినా కూర్చోలేదు. ఒకాయన మా గడపలోనే, దొంగతనం చేసినా రాత్రిపూట చేస్తరు మాన్‌సింగూ, నువ్వు పట్టపగలే చేస్తివి అన్నాడు. బా పేరులో అన్న అనే మాట తీసేయడం మొదటిసారి విన్నాను.

యాడి లేచి వెళ్లి రెండు మేకల్ని విప్పుకొచ్చి తాళ్లు వాళ్ల చేతిలో పెట్టింది. మీ నలుగురి వంతు గిది, ఇంకేమన్న తక్కువైతే వానకాలం పంటకిస్తం, ఆయనను దొంగ అనకుండ్రి అంది.

తీసుకుని వెళ్లారు. సాయికిరణన్న తాడు ముట్టుకోలేదు. వెళ్లేటప్పుడు నా వైపు చూశాడు. తిట్టు అడగలేదు.

నేను చేసింది తప్పని ఒక గంట అనిపిస్తుంది. ఇంకో గంట అనిపించదు.

జూన్ 10

బా టీ హోటల్‌కు వెళ్లడం మానేశాడు. ఇంట్లోనే తాగుతున్నాడు. చక్కెర ఎక్కువైందన్నాడు. యాడి ఎప్పుడూ వేసినంతే వేసింది.

జూన్ 11

సిస్టర్ ఫోన్. సాయికిరణ్ రూట్ పిల్లల్ని కూడా మేమే తీసుకురావాలట, రెండు ట్రిప్పులు. యెస్ అనడానికి చాలా సేపు పట్టింది. లైన్ కట్ అయిందనుకుని ఆమె హలో హలో అంది.

జూన్ 12, గురువారం

వాన.

రెండో ట్రిప్పులో ఆఖరి స్టాపు. సాయికిరణన్న గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎల్‌కేజీలో చేర్చిన కూతురు ఆయన పక్కన. ఆయన వంగి ముందు టైరును, వెనక టైరును చేత్తో తడిమి చూశాడు. తర్వాత పాపను ఎత్తి నా చేతికి ఇచ్చాడు.

నీ పేరేంటి అని అడిగాను.

పాప వాళ్ల నాయిన వైపు ఒకసారి చూసి, నోరు రెండు చేతులతో మూసుకుంది.