కనిష్ఠం, గరిష్ఠం

ప్రియమైన పిచ్చుకా,

హాస్టల్ వాళ్ళు మీ ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాక నీకు ఏ కబురు చెప్పాలన్నా ఉత్తరమే దిక్కు. సంగతేమిటంటే, నీ బల్లి మహారాణి గుడ్లు పెట్టింది. రెండు. పొద్దున గాజుపెట్టె శుభ్రం చేద్దామని తడి కొబ్బరిపొట్టు డబ్బా ఎత్తితే, ఒక మూల కప్పెట్టి ఉన్నాయి. మచ్చల బల్లి గుడ్లంటే గోళీల్లా గట్టిగా ఉంటాయనుకున్నాను. ఇవి పొడుగ్గా, మెత్తగా, తోలుతో కుట్టినట్టున్నాయి. ముట్టుకోవాలంటే భయమేసింది.

నువ్వు వెళ్ళేముందు తయారుచేసి మంచం కింద తోసిన థర్మోకోల్ పెట్టె బయటికి తీశాను. అడుగున వేడి మ్యాట్, దానిమీద నీళ్ళ సీసాలు, ఆపైన గుడ్ల డబ్బా, పక్కనే థర్మోస్టాట్ తీగ, అంతా నువ్వు చెప్పినట్టే. గుడ్లని దొర్లించకుండా ఎలా ఉన్నవాటిని అలాగే తీసి, పైవైపు పెన్సిల్‌తో చుక్క పెట్టాను. ఇంతా చేస్తే హాల్లో వేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటి ఎక్కనంటుంది. నువ్వేమో ఇరవై ఎనిమిది కావాలన్నావు. చలి అలా ఉంది మరి. చివరికి అమ్మమ్మ గదిలో పెట్టాను. ఆవిడ దగ్గు కోసం ఆయిల్ హీటరు రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉంటుంది కదా. కాసేపటికి ఇరవై ఎనిమిదికి వచ్చి అక్కడే నిలబడింది.

అమ్మమ్మ ఊరికే ఒప్పుకుందనుకున్నావా? "గోడమీద తిరిగేవి చాలవా, నా గదిలో పొదిగించడం కూడానా?" అంది. బల్లి డాక్టరుగారి ఆర్డరు అన్నాను. "ఆ డాక్టరుని ముందు సీటు తెచ్చుకోమను" అంది. అంటూనే మంచం పక్క స్టూలు మీంచి తన మందుల డబ్బా తీసి చోటిచ్చింది.

చుక్క పెట్టేటప్పుడు గట్టిగా నొక్కానేమోనని ఒకటే అనుమానం. రాయి.

నీ అమ్మ

*

అనుమానాల అమ్మకి,

నువ్వు గట్టిగా నొక్కడం నేనెప్పుడూ చూళ్ళేదు. అచ్చు ప్రూఫులు దిద్దేటప్పుడు కూడా తప్పు పక్కన గీత కనపడీ కనపడనట్టు పెడతావు. గుడ్లకేం కాలేదు.

ఇక జాగ్రత్తగా విను. మూత ఊరికే తెరవకు. చూడాలనిపిస్తుంది, నాకు తెలుసు. తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి పోతుంది, మళ్ళీ ఎక్కడానికి టైము పడుతుంది. ఇరవై ఎనిమిదా, ఇరవై తొమ్మిదా అని కాదు, ఊగకూడదు. అదే ముఖ్యం. పెట్టెకి అతికించిన థర్మామీటరు రోజులో బాగా తగ్గిందెంతో, బాగా పెరిగిందెంతో రెండూ గుర్తుపెట్టుకుంటుంది. పొద్దునే ఆ కనిష్ఠం, గరిష్ఠం చూసి నాకు రాయి. చూశాక మీట నొక్కి చెరిపెయ్, లేకపోతే పాత అంకె చూపిస్తుంది.

తప్పు నాది కూడా ఉంది. చవకగా వస్తోందని చిన్న మ్యాట్ కొన్నాను. అది గదికంటే ఐదారు డిగ్రీలే పైకి లాగగలదు. అందుకే హాల్లో ఎక్కలేదు. కాబట్టి నువ్వు పెట్టెని కాదు, గదిని చూసుకో.

ఇంకో సంగతి. ఈ వేడిలో పొదిగితే రెండూ ఆడపిల్లలే అవుతాయి. మన ఇంటికి అలవాటేగా, ముగ్గురం ఉన్నాం, ఐదుగురం అవుతాం.

అమ్మమ్మ దగ్గు ఎలా ఉంది? ఉన్నదున్నట్టు రాయి. పోయినేడు పరీక్ష ముందురోజు ఆసుపత్రిలో ఆవిడ పక్కన కూర్చుండిపోయానని మీరింకా సణుగుతున్నారు గానీ, సీటు పోయినందుకు ఏడ్చాను తప్ప అక్కడ కూర్చున్నందుకు కాదు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

ఈ వారమంతా కనిష్ఠం ఇరవై ఏడున్నరకి తగ్గలేదు, గరిష్ఠం ఇరవై ఎనిమిదిన్నర దాటలేదు. ఇంత నిలకడగా ఈ ఇంట్లో ఇంకేదీ లేదు.

నీ పెట్టెకి కాపలా దొరికింది. అమ్మమ్మకి పడుకుంటే ఊపిరాడటం లేదు, అందుకని దిళ్ళు ఎత్తుగా పెట్టి కూర్చోబెడుతున్నాం. కూర్చుని చేసేదేముంది, ఆ అంకె చూస్తుంది. వంటింట్లో ఉన్న నాకు వినపడేలా "ఇరవై ఎనిమిది" అని కేక. మాట కష్టమైనప్పుడు చేత్తో సైగ. పనమ్మాయి గది ఊడ్చడానికొస్తే "స్టూలుకి చీపురు తగిలిందా, చూస్కో" అని బెదిరిస్తోంది.

నువ్వు తెరవద్దన్నావు, ఒక్కసారే తెరిచాను. గుడ్డు వెనక చిన్న టార్చి పెట్టి చూస్తే లోపల ఎర్రటి దారాలు. అమ్మమ్మకీ చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండూ చూసింది. తర్వాత, "మూసెయ్యి, వాటికి చలేస్తుంది" అంది.

డాక్టరు మందు మార్చాడు. ఆయాసం కొంచెం ఉంది. కొంచెం అంటే ఎంత అని అడుగుతావు. నాకూ తెలియదు, నేను భయపడే మనిషిని, నా భయాన్ని బట్టి కొలిస్తే అంతా ఎక్కువే అనిపిస్తుంది. మామయ్య వచ్చాడు, వారం ఉంటాడట.

బాగా చదువుకో.

నీ అమ్మ

*

అమ్మా,

మామయ్య వారం ఉంటాడా? సొంత బావమరిది పెళ్ళికి పొద్దున వచ్చి సాయంత్రానికి కొట్టు షట్టరు తీసిన మనిషి.

వార్డెన్‌ని అడిగాను. ఇంట్లోవాళ్ళు ఉత్తరం రాస్తే ఒక్కరోజు పంపిస్తానంది. నువ్వు రాయి. వచ్చి అమ్మమ్మని చూసి మర్నాడే వచ్చేస్తాను. పుస్తకాలు కూడా తెచ్చుకుంటాను, కావాలంటే బస్సులో చదువుతాను. దయచేసి రాయి.

పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నువ్వు రానక్కర్లేదు. ఇంత దగ్గరికొచ్చాక చదువు చెడగొట్టుకోవద్దని మామయ్య కూడా అన్నాడు. అమ్మమ్మ బాగానే ఉంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. "నా మనవరాలు బంగారం, దాన్ని చదువుకోనీ" అంది.

పెట్టె విషయంలో మాత్రం నీకు సంజాయిషీ ఇవ్వాలి. పొద్దునే అలవాటుగా అంకెలు రాసుకుని మీట నొక్కడం తప్ప మూడు రోజులు చూసుకోలేకపోయాను. కరెంటు పోయింది. మొదటి పొద్దున కనిష్ఠం ఇరవై ఒకటి, గరిష్ఠం ఇరవై ఎనిమిది. రెండోరోజు ఇరవై, ఇరవై రెండు. మూడోరోజూ అంతే. ఆ తర్వాత నా దృష్టి పడి అన్నీ సరిచేశాను, ఇప్పుడు మళ్ళీ ఇరవై ఎనిమిదిలో ఉంది. ఒక గుడ్డు పైన సొట్టపడింది. రెండోది చూడటానికి బాగానే ఉంది. చూడటానికి అని ఎందుకు రాస్తున్నానంటే లోపల ఏముందో టార్చి పెట్టే ధైర్యం నాకు లేదు.

వాటికి చలేసి ఉంటుంది. ఆ మాట తప్ప ఇంకేమీ తోచడం లేదు. నా దస్తూరీ బాగాలేదు, వేళ్ళు వంగడం లేదు చలికి.

నీ అమ్మ

*

ప్రియమైన అమ్మా,

కరెంటు పోతే నువ్వేం చేస్తావు. నీ తప్పు లేదు. మూడు రోజుల చలికి గుడ్లు పోవు, ఆలస్యంగా పిల్లలవుతాయంతే. సొట్టపడినదాన్ని కూడా తీసెయ్యకు, ఉండనీ.

హీటరు వేసే ఉంచు. మామయ్య ఏమన్నా సరే ఆపకు. వీలైతే నువ్వు కూడా ఆ గదిలోనే పడుకో, హాల్లో ఒక్కదానివీ వద్దు. అన్నం మానెయ్యకు.

నేను రానులే. చదువుకుంటున్నాను. అమ్మమ్మని అడిగానని చెప్పు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే ఆ గదిలోనే పడుకుంటున్నాను. నువ్వలా ఎందుకు రాశావా అని రెండు రోజులు ఆలోచించి, నా అనుమానాలు నీకు అంటించకూడదని ఊరుకున్నాను. కనిష్ఠం ఇరవై ఏడున్నర, గరిష్ఠం ఇరవై ఎనిమిది. మామయ్య వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ "ఇంకా ఎందుకే ఈ హీటరు" అన్నాడు. గుడ్ల కోసం అన్నాను.

అమ్మమ్మ నీకు ఆశీస్సులు చెప్పమంది. ప్రశ్న రెండుసార్లు చదివి రాయి. పరీక్ష అయ్యాక నువ్వు వస్తే నీతో కూర్చుని మాట్లాడాల్సినవి ఉన్నాయి.

నీ అమ్మ

*

ప్రియమైన అమ్మా,

పరీక్ష అయిపోయింది. ఫోన్ చేతికిచ్చారు, ఇంకా ఆన్ చెయ్యలేదు. గదులు అప్పజెప్పేదాకా, అంటే శనివారం వరకు, ఇక్కడే ఉండాలి. ఈ ఉత్తరం నాకంటే ముందు ఇల్లు చేరాలని రాస్తున్నాను.

అమ్మమ్మ పోయిందని నాకు తెలుసు.

కరెంటు పోయి వస్తే కనిష్ఠం పడిపోతుంది గానీ, కరెంటు రాగానే గరిష్ఠం పైకొస్తుంది. నువ్వు రాసిన రెండోరోజూ మూడోరోజూ గరిష్ఠం కూడా ఇరవై రెండే. పోనీ కరెంటు అసలు రాలేదనుకుంటే, ఈ చలికి ఇరవై దగ్గర కూడా నిలిచేది కాదు. అంటే మ్యాట్ పనిచేస్తూనే ఉంది. లాగగలిగినంత లాగింది. చల్లబడింది గది. ఆ గదిలో హీటరు ఆపి కిటికీలు తెరిచారు. అమ్మమ్మ అందులో ఉండగా ఆ పని ఎవరూ చెయ్యరు.

లెక్కలో ఎక్కడైనా పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ మళ్ళీ చేసి చూశాను. తర్వాత ఆ ఉత్తరంలోనే అంకెలకి పైన ఉన్న ముక్క మళ్ళీ చదివాను. అమ్మమ్మ నన్ను బంగారం అందని రాశావు. పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు అనిపించావు.

ఆరోజు బకెట్లో బట్టలు నానబెట్టి, పంపు తిప్పి, నీళ్ళు పొర్లిపోతున్నా అలాగే కూర్చున్నాను. నీమీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఒక్కరోజు రానిచ్చి ఉంటే చూసేదాన్ని. ఆ ఒక్కరోజు నాకు ఇవ్వలేదు నువ్వు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, వచ్చాక కూడా ఉంటుంది, ఓర్చుకో.

కానీ ఒకటి తేలడం లేదమ్మా. మనుషుల గురించి అంత అబద్ధం రాసిన దానివి, అంకెలు ఎందుకు మార్చలేదు? మూడు రోజులూ ఇరవై ఎనిమిది అని రాసేస్తే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అచ్చుతప్పుల దగ్గర నీ చెయ్యి అబద్ధం ఆడదనుకున్నాను ముందు. తర్వాత, నాకు తెలియాలనే రాసిందేమో అనుకున్నాను. నీకూ తెలిసి ఉండదు.

నేను మాత్రం తెలిసే రాశాను. "అమ్మమ్మని అడిగానని చెప్పు" అని రాస్తున్నప్పుడు నాకు తెలుసు. నీ మనసు నొప్పించకూడదని ఊరుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది. అది కాదు. నువ్వు ఆ మాట కాగితం మీద పెడితే నేను చదవలేను, రాయలేను, మళ్ళీ పోయినేడులాగే అవుతుంది. అందుకని నిన్ను చెప్పనివ్వలేదు. ఆ ఖాళీ గదిలో నిన్ను ఒక్కదాన్నే పడుకోబెట్టి, హీటరు వేసుకోమని చెప్పి, ఇక్కడ చదువుకున్నాను.

శనివారం బస్టాండుకి మామయ్యని పంపకు, నువ్వే రా. ఆటో ఎక్కొద్దు, నడుద్దాం. చివరి రోజు ఎలా గడిచిందో అంతా చెప్పు. బాధపడిందా, నన్ను అడిగిందా, అడిగితే నువ్వేం చెప్పావు. బాగా లేనివి కూడా చెప్పు. ఇంటి తలుపు తీసేలోపు నాకు అంతా తెలిసి ఉండాలి.

పరీక్ష బాగా రాశాను. నిజంగా బాగా రాశాను. నువ్వు చెప్పినట్టే ప్రశ్న రెండుసార్లు చదివాను. బయటికొచ్చి, ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక గేటు దగ్గరే నిలబడిపోయాను.

నీ పిచ్చుక